చెత్త అని రాసిన పొర

బంగారం,

వాయువులను విడదీసే పూతపొరల మీద పరిశోధనకు చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంతో గొంతు పూడుకుపోయింది. ఆ రాత్రే పాత నోటుబుక్కులు తీసి కూర్చున్నాను. భయం కూడా అప్పుడే మొదలైంది.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. పూత ద్రావణాన్ని వడకట్టు. బుడగలు పోయేదాకా ఆగు. అడుగు పొరను కరిగించే ద్రావకం వాడకు: పాలీసల్ఫోన్ అనే ప్లాస్టిక్‌ని క్లోరోఫామ్ కరిగించేస్తుంది, హెక్సేన్ ఏమీ చేయదు.

గట్టిగా చెప్పాల్సింది మాత్రం ఉంది. హెక్సేన్ ఆరని పొరను ఓవెన్‌లో పెట్టకు. గాలిలో ఆ ఆవిరి ఒక శాతం దాటితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. ముందు ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లో పూర్తిగా ఆరనివ్వు. నైట్రోజన్ సిలిండరున్న చిన్న గదిలో రాత్రిళ్లు ఒక్కదానివే ఉండకు. లీకైతే వాసన రాదు, దగ్గు రాదు, నేరుగా స్పృహే తప్పుతుంది. "ఏం కాదులే పెదనాన్నా" అంటావు. అనకు తల్లీ. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

ఇక నా తప్పు. నీ వయసులో పాలీసల్ఫోన్ పొరలు చేసి ఆక్సిజన్, నైట్రోజన్ పంపి చూసేవాణ్ణి. లోపం లేని పొర నైట్రోజన్ కంటే ఆక్సిజన్‌ని అయిదారు రెట్లు వేగంగా వదలాలి. నాకు ఆ నిష్పత్తి 0.94 వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. పాలిమరే మంచిది కాదనుకుని పొర అంచున పెన్సిల్‌తో "చెత్త" అని రాసి సొరుగులో పడేశాను. పాలిమర్లు మారుస్తూ ఎనిమిది నెలలు గడిపాను. అసలా 0.94 ఎక్కడిదని ఒక్కసారీ అడగలేదు. నైట్రోజన్ అణుభారం 28ని ఆక్సిజన్ అణుభారం 32తో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేది అదే. సన్నటి రంధ్రాల్లోంచి వాయువులు అణుభారాన్ని బట్టి జారిపోయే లెక్క అది. పొర విస్తీర్ణంలో పది లక్షలో ఒక వంతు రంధ్రాలున్నా పొర పనికిరాకుండా పోతుంది. కంటికి ఏమీ కనపడదు.

ల్యాబ్‌లో ఒక సీనియర్ ఆ సొరుగు తెరిచారు. అరచేతంత పొర, ఒకవైపు నిగనిగ, ఇంకోవైపు సుద్దలా. నిగనిగలాడే వైపు, హెక్సేన్‌లో పలచగా కలిపిన సిలికాన్ రబ్బరు పోసి, వంచి ఒంపేసి, ఆరబెట్టారు. గట్టిపడ్డాక మర్నాడు కొలిస్తే 5 దాటింది. అమెరికా రసాయనాల కంపెనీ మోన్‌శాంటోలో హెనిస్, ట్రిపోడీ 1980లో పేటెంట్ పొందిన ఉపాయమే అది. విడదీసేది సిలికాన్ కాదు, దాని సొంత నిష్పత్తి 2 మాత్రమే. అది రంధ్రాలు పూడుస్తుంది, పని పాలీసల్ఫోన్ చేస్తుంది. నేను చెత్త అని రాసినవన్నీ మంచి పొరలే. ఆ పెన్సిల్ అక్షరాలు ఇప్పటికీ కళ్ల ముందు కదులుతాయి.

నీకు 2 దగ్గర అంకె వస్తే పూత మందమైందని అనుమానించు. కార్బన్ డయాక్సైడ్‌తో కొలిచేటప్పుడు ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచు, ఆ వాయువు పాలిమర్‌ని ఉబ్బించి నిష్పత్తి పడగొడుతుంది. పొర చేసిన తేదీ రాయి, పలచని పొరలు రోజులు గడిచేకొద్దీ బిగుసుకుంటాయి.

దేన్నీ పారేయకు. మొదటి రీడింగ్ రాగానే ఆక్సిజన్, నైట్రోజన్ అంకెలు విడివిడిగా పంపు. నిష్పత్తి నేను వేసుకుంటాను.

మీ పెదనాన్న