మూడేళ్లు నిండినా రెండు మాటలు కలపడం లేదంటే

బాబుకి మూడేళ్లు నిండాయి, మాటలు ఓ ఇరవై వచ్చు, రెండు కలిపి చెప్పడు, వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లకి గానీ మాట్లాడలేదని అత్తగారు ఆగమంటున్నారు అని రాశారు కదండీ. దయచేసి ఆగకండి. రెండున్నరేళ్లకే సుమారు 50 మాటలు, 'పాలు కావాలి' లాంటి జంటలు రావాలి. మూడేళ్లకి బయటివాళ్లకి కూడా చాలావరకు అర్థమయ్యేలా మాట్లాడాలి.

ముందు చెవి పరీక్ష చేయించండి. చప్పుడైతే తిరిగి చూస్తున్నాడు కదా అనుకోవద్దు. తలుపు చప్పుడు వినిపించే పిల్లలకి కూడా మాటల్లోని 'స', 'శ' లాంటి సన్నని ధ్వనులు అందకపోవచ్చు. మా పాపకి చెవిలో నీరు చేరిందని ఆ పరీక్షలోనే తెలిసింది. అప్పటికే ఏడాది పోగొట్టుకున్నాం.

పిలిస్తే చూస్తాడా, కావలసింది వేలితో చూపిస్తాడా, బొమ్మకి అన్నం తినిపిస్తున్నట్టు ఆడతాడా, ఇవన్నీ రాసుకెళ్లి పిల్లల డాక్టర్‌కి చెప్పండి. ఖర్చు గురించి టెన్షన్ వద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద జిల్లా స్థాయి డీఈఐసీల్లో, అంటే పిల్లల ఎదుగుదల సమస్యల్ని త్వరగా గుర్తించి సాయం చేసే కేంద్రాల్లో, ఉచితంగా చూస్తారు. అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి.

ఈలోగా ఫోన్ పక్కన పెట్టి, వాడు 'పాలు' అంటే మీరు 'వేడి పాలు కావాలా?' అని ఒక మాట కలిపి అనండి. జవాబు కోసం కాసేపు ఆగండి. స్కూల్లో ఇంగ్లీషు ఉందని ఇంట్లో తెలుగు మాత్రం మానేయకండి, రెండు భాషల వల్ల మాటలు ఆగిపోవు.