‘హ్యాడ్ బెటర్’ గతకాలం కాదు

ఇంగ్లిష్‌లో ‘యూ హ్యాడ్ బెటర్ గో’ అంటే ‘మీరు బాగా వెళ్లారు’ అనా అని ఒకరు అడిగారు. కాదండీ. అక్కడ ‘హ్యాడ్’ రూపమే గతకాలానిది, అర్థం ఇప్పటిది: ‘మీరు వెళ్లడమే మంచిది, లేకపోతే ఇబ్బంది’. ఆ హెచ్చరిక ధ్వని ఉంది కాబట్టి పెద్దవాళ్లతో వాడకండి, బెదిరింపులా వినిపిస్తుంది. ‘హ్యాడ్ బెటర్’ తర్వాత ‘టు’ రాదు. వద్దని చెప్పాలంటే ‘హ్యాడ్ బెటర్ నాట్’ అనాలి.

ఇక ఒట్టి ‘బెటర్’ సంగతి. దీనికి మన ‘నయం’ ఎంత చక్కగా సరిపోతుందో చూడండి! ‘దానికంటే ఇది నయం’ అన్నప్పుడు పోలిక, ‘జ్వరం నయమైంది’ అన్నప్పుడు కోలుకోవడం. ‘బెటర్’కూ ఈ రెండూ ఉన్నాయి. నేను విద్యార్థులకు ముందు ఈ మాటే చెబుతాను.

‘మోర్ బెటర్’ మాత్రం తప్పు. ‘మచ్ బెటర్’ అనండి.