‘థైరాయిడ్ సంగతి చెప్పొద్దంటున్నారు’

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 38 ఏళ్లు. మాది తెనాలి. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. రెండో కాన్పులోనే పిల్లల ఆపరేషన్ కూడా చేసేశారు. అప్పటినుంచి పొట్ట జారిపోయి మడతలు పడింది. నడకతో, తిండి తగ్గించి 9 కిలోలు తగ్గాను కానీ పొట్ట మాత్రం అలాగే ఉంది. పెళ్లిళ్లలో ‘ఎన్నో నెలమ్మా?’ అని అడిగినవాళ్లున్నారు. పొట్ట సర్జరీ గురించి మాట్లాడటానికి వచ్చే నెల హైదరాబాద్ వెళ్తున్నాం. నాకు థైరాయిడ్ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటాను. అది చెబితే ఆపరేషన్ చెయ్యనంటారు, చెప్పొద్దు అంటోంది మా ఆడపడుచు. ఒక క్లినిక్ వాళ్లు ఫోన్లోనే ‘లైపో (గొట్టంతో కొవ్వు లాగేయడం) చేస్తే సరిపోతుంది, ఈ నెలలో అడ్వాన్స్ కడితే తగ్గింపు ఇస్తాం’ అన్నారు. కట్టమంటారా? డాక్టర్ని ఏం అడగాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అడ్వాన్స్ కట్టకండమ్మా. మీ ఆడపడుచు గారి మాటా వినకండి. థైరాయిడ్ ఉందని ఆపరేషన్ మానేయరు. అదుపులో లేకపోతే మందు సరిచేసి కొన్నాళ్లు ఆగమంటారు, అంతే. దాచారంటే మీకు మత్తు ఇచ్చే డాక్టర్ కళ్లకు గంతలు కట్టినట్టే.

నిజానికి నా దగ్గరికొచ్చేవాళ్లు థైరాయిడ్, షుగర్ లాంటివి చాలావరకు చెబుతారు. ‘ఇదేం మందులే’ అనుకున్నవే చెప్పరు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు, ఎవరో మంచిదన్నారని వేసుకునే చేపనూనె, వెల్లుల్లి గుళికలు, విటమిన్ ఇ, ఆయుర్వేదం పొడులు. వీటిలో కొన్నిటివల్ల ఆపరేషన్లో రక్తం ఎక్కువ పోవచ్చు. పూజకో తిరుపతి ప్రయాణానికో నెలసరి వాయిదా వేసుకునే మాత్రలు కూడా చెప్పి తీరాలి. హార్మోన్ మాత్రలు కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పును పెంచగలవు. మిగతా కాస్మెటిక్ సర్జరీల కంటే పొట్ట సర్జరీలో అసలే ఆ ముప్పు ఎక్కువ. ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, పేర్లు గుర్తుపెట్టుకునే పని ఉండదు. నేను చెప్పానని ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి. ఆపాలో వద్దో, ఎప్పుడు ఆపాలో ఆ డాక్టర్ చెబుతారు.

పొగాకు సంగతి అడిగితే ఆడవాళ్లు నవ్వేస్తారు. మేం సిగరెట్లు తాగుతామా అంటారు. కిళ్లీలో జర్దా వేసుకునే అలవాటు ఉన్నవాళ్లు మాత్రం, భర్త బయటికెళ్లాక మెల్లగా చెబుతారు. నికోటిన్ సన్నని రక్తనాళాల్ని బిగించేస్తుంది. పొట్ట సర్జరీలో చర్మాన్ని లేపి, కిందికి లాగి కుడతాం. దానికి రక్తం చాలకపోతే కుట్ల దగ్గర నల్లబడి చచ్చిపోతుంది. ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు కనీసం మానాలి.

రెండు కాన్పుల డిశ్చార్జి కాగితాలు వెతికిపెట్టుకోండి. వెన్నులో మత్తు సూది ఇచ్చినప్పుడు ఏమైనా ఇబ్బంది వచ్చిందా, రక్తం ఎక్కించారా అన్నవి అందులో ఉంటాయి. చెవులో ముక్కో కుట్టించుకున్నచోట గడ్డలా లేచినా, భుజం మీద టీకా మచ్చ ఉబ్బిపోయినా ఆ చోటు చూపించండి. మీ ఒంటిమీద మచ్చ ఎలా మానుతుందో మాకు అదే చెబుతుంది. పొట్ట సర్జరీ మచ్చ చిన్నదేం కాదు. పొత్తికడుపు కింద ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా ఉంటుంది, బొడ్డు చుట్టూ ఇంకొకటి. అందుకే లంగా బొందు మీరు మామూలుగా ఎక్కడ కట్టుకుంటారో చూపించి, గీత ఎక్కడ వస్తుందో పెన్నుతో గీయమనండి. బొందు సరిగ్గా మచ్చమీద పడితే రోజంతా రాపిడే.

ఇక ఫోన్లో చెప్పిన లైపో. కొవ్వు తియ్యడం వేరు, జారిన చర్మాన్ని కోసి తియ్యడం వేరు. కాన్పుల తర్వాత చాలామందికి పొట్ట మధ్య కండరాలు రెండుగా విడిపోతాయి. ఆ ఎడం కొవ్వు తీసినా పోదు, కుట్టాల్సిందే. మిమ్మల్ని పడుకోబెట్టి, తల పైకెత్తమని, వేళ్లతో నొక్కి చూస్తేనే ఆ సంగతి తెలిసేది. ఫోన్లో ఎలా తెలుస్తుంది? బొడ్డు దగ్గర హెర్నియా ఉందేమో కూడా చూడమనండి. అందానికి చేసే సర్జరీకి ఆరోగ్య బీమా రాదు. హెర్నియా ఉంటే ఆ భాగానికి వచ్చే అవకాశం ఉంది కాబట్టి ముందే పాలసీవాళ్లను అడగండి. ఖర్చు చెప్పేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపి చెబుతున్నారా అని కూడా అడగాలి. మామూలు వైద్యానికి ఉన్న మినహాయింపు దీనికి లేదు.

మీతో మాట్లాడేది ఎవరన్నది చూసుకోండి. కొన్నిచోట్ల ముప్పావుగంట కౌన్సెలర్ మాట్లాడి, ఐదు నిమిషాలు డాక్టర్ తొంగిచూసి వెళ్తారు. కత్తి పట్టేవాళ్లే మిమ్మల్ని పరీక్షించి మాట్లాడాలి. బోర్డు మీద ‘కాస్మెటిక్ సర్జన్’ అని ఉంటే చాలదు. ఎంఎస్ జనరల్ సర్జరీ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ చదివారా అని చూడండి. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి జాతీయ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో మీ పిల్లలతో వెతికించవచ్చు. అడిగితే చిరాకుపడే డాక్టర్ దగ్గర ఆపరేషన్ వద్దు, నా లెక్క అది. ‘మత్తు ఎవరిస్తారు? ఐసీయూ ఇక్కడే ఉందా? మళ్లీ సరిచేయాల్సి వస్తే ఖర్చు ఎవరిది?’ ఇవి కాగితం మీద రాసుకెళ్లండి. గదిలోకి వెళ్లాక టెన్షన్‌లో సగం మర్చిపోతారు. పరీక్షించేటప్పుడు నర్సమ్మ పక్కన ఉండాలని అడగడం మీ హక్కు. ఫొటోలు తీస్తారు, అది వైద్యానికి అవసరం. ప్రకటనలకు, ఇన్‌స్టాకు వాడొద్దని సమ్మతి పత్రంలోనే రాయించండి.

మీ వారిని తప్పకుండా లోపలికి తీసుకెళ్లండి. ఎందుకంటే తర్వాత పనంతా ఆయనదే. మొదటి వారం ముందుకు వంగే నడుస్తారు, పొట్టలోంచి ట్యూబులు ఉండొచ్చు. ఆరు వారాలు నీళ్ల బిందె, సిలిండర్, బియ్యం బస్తా ముట్టుకోకూడదు. బెల్టు బిగించుకునే ఉండాలి. ఆ రోజుల్లో వంటెవరు చేస్తారు, పిల్లల్ని బడికి ఎవరు పంపిస్తారు అన్నది డాక్టర్ చెప్పేటప్పుడు ఆయన చెవిన పడాలి. మీకు ఇంకో ప్రశ్న ఉంది. ఇల్లు తెనాలి, ఆపరేషన్ హైదరాబాద్. అన్ని గంటలు కాళ్లు ముడుచుకుని ఎప్పుడు ప్రయాణం చేయవచ్చు? అర్ధరాత్రి జ్వరం వచ్చినా, పిక్క వాచినా, ఆయాసం వచ్చినా ఎవరికి ఫోన్ చేయాలి? ఆయాసం వస్తే మాత్రం ఫోన్ చేస్తూ కూర్చోకండి, దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లిపోండి.

బరువు ఇంకా తగ్గుతూ ఉంటే ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే రమ్మంటారు. అలా పంపించేస్తే ఇంకో క్లినిక్‌కు పరిగెత్తకండి.

ప్రశ్న: మేడమ్, నాకు 20 ఏళ్లు. సెల్ఫీల్లో నా ముక్కు చాలా వెడల్పుగా కనిపిస్తుంది. రెండు నెలల్లో అక్క పెళ్లి. ఈలోగా ముక్కు సర్జరీ చేయించుకోవచ్చా? ఫిల్టర్ వేసిన నా ఫొటో తీసుకెళ్లి చూపిస్తే సరిపోతుందా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: పెళ్లికి వద్దు తల్లీ. ముక్కు సర్జరీ వాపు పైకి కొన్ని వారాల్లో తగ్గినట్టుంటుంది కానీ పూర్తిగా దిగి అసలు ఆకారం తేలడానికి ఏడాది పడుతుంది. సెల్ఫీ మాట నమ్మకు. 12 అంగుళాల దూరంలో తీసుకున్న సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కకట్టి చూపించారు. అదే ఐదడుగుల దూరం నుంచి తీస్తే ఆ తేడా ఉండదు. మీ అక్కతో ఐదడుగుల అవతల నుంచి ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి ఒక్కొక్కటి తీయించు. ఫిల్టర్లు వద్దు. అవి చూసుకున్నాక కూడా మనసు అలాగే ఉంటే పెళ్లయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్లు. ముక్కుకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, రాత్రిళ్లు నోటితో ఊపిరి తీస్తావా అన్నవి ముందు చెప్పు. లోపల దూలం వంకరుంటే అది వేరే సమస్య, దానికి వైద్యం అవసరం.