ఎక్కువ పెట్టి కొన్న కారు గిట్టుతుందా?

ప్రశ్న: మాది ఉప్పల్, సొంతిల్లు. ఆఫీసు గచ్చిబౌలిలో. రానూపోనూ రోజుకు 55 కిలోమీటర్లు. పెట్రోలు కారు కన్నా అదే సైజు ఎలక్ట్రిక్ కారు ఆన్‌రోడ్ 3 లక్షలు ఎక్కువ చెబుతున్నారు. ఆ డబ్బుకు లోను తీసుకోవాల్సిందే. ఎన్నేళ్లకు తిరిగొస్తుంది?

జవాబు: ముందు కిలోమీటరు ఖర్చు తేల్చుకుందాం. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆ సైజు పెట్రోలు కారు లీటరుకు 14 ఇస్తే గొప్పే. లీటరు 107 రూపాయలు వేసుకుంటే కిలోమీటరుకు 7.64 అవుతుంది. ఎలక్ట్రిక్ కారు నూరు కిలోమీటర్లకు 15 యూనిట్లు తీసుకుంటుంది గానీ ఇంటి మీటరులో 17 తిరుగుతాయి. ఛార్జింగ్‌లో వేడిగా పోయే ఆ రెండు యూనిట్లు షోరూం వాళ్ల లెక్కలో కనపడవు. మీకు నెలకు సుమారు 215 యూనిట్లు అదనంగా కాలి, ఇంటి బిల్లు పై స్లాబుకు ఎక్కుతుంది. అందుకే యూనిట్‌కు 9.50 వేశాం. కిలోమీటరుకు 1.60 అయింది. అంటే మిగులు 6 రూపాయలు.

మీరు ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతారు కాబట్టి మిగిలేది 90,000. ఇక 3 లక్షలకు 9.5 శాతం వడ్డీతో ఐదేళ్ల లోను తీసుకుంటే కట్టేది మొత్తం 3.78 లక్షలు. నాలుగేళ్ల రెండు నెలలకు చెల్లు. ఇంజిన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గుల ఖర్చు ఉండదు. మోటారే వేగం తగ్గిస్తుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. టైర్లు మాత్రం బండి బరువుకు త్వరగా అరుగుతాయి. మీ తిరుగుడుకు కొనమనే చెబుతాం.

ఇదంతా ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునేవారి లెక్క. బయట స్టేషన్లలో యూనిట్ 22 చొప్పున నింపుకుంటే మిగులు కిలోమీటరుకు 4 రూపాయలకు పడిపోతుంది. అప్పుడు ఆరేళ్లు దాటుతుంది.

మరో రెండు సంగతులు. తెలంగాణలో కొని రిజిస్టరు చేసిన ఎలక్ట్రిక్ కార్లకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. మీకిచ్చిన కొటేషన్‌లో ఆ గడి సున్నా ఉందో లేదో చూడండి. లోను వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఆ మినహాయింపు ఇచ్చిన 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31లోపు మంజూరైన లోన్లకే వర్తిస్తుంది.

ప్రశ్న: విజయవాడ. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతాం, సగం ఊళ్లో, సగం హైదరాబాద్ హైవే మీద. పెట్రోలింజిన్‌తో పాటు కారును నడిపే మోటారు, బ్యాటరీ కూడా ఉండే స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు మామూలు పెట్రోలు కారు కన్నా 3 లక్షలు ఎక్కువ. కంపెనీ మైలేజీ 27.97 చూసి ఆశ పుడుతోంది. తీసుకోమంటారా?

జవాబు: మీ వాడకానికి వద్దంటాం. హైబ్రిడ్ ఎక్కువగా ఆదా చేసేది ట్రాఫిక్‌లోనే. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది, కదిలేటప్పుడు మోటారు లాగుతుంది, బ్రేకు వేసినప్పుడు పోవాల్సిన శక్తి బ్యాటరీలోకి తిరిగొస్తుంది. నందిగామ దాటి నూరు స్పీడులో పట్టారనుకోండి, బ్రేకు వేసేదెక్కడ? మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్‌ల హైబ్రిడ్ బ్యాటరీ సామర్థ్యం 0.76 యూనిట్. అది చిటికెలో ఖాళీ. ఆపైన లాగేదంతా పెట్రోలింజినే.

ఊళ్లో హైబ్రిడ్ 22 ఇచ్చిన చోట మామూలు పెట్రోలు కారు 12 ఇస్తుంది. హైవే మీద అవే 19, 16. పెట్రోలు 110 వేసుకుంటే ఊళ్లో కిలోమీటరుకు 4.20, హైవేలో 1.10 మిగులుతుంది. మీ 12,000 కిలోమీటర్లకు ఏడాదికి దాదాపు 32,000. వడ్డీ కలపకుండానే తొమ్మిదేళ్లు దాటింది. అదే ఊళ్లోనే ఏడాదికి 20,000 తిరిగేవాళ్లయితే మూడున్నరేళ్లకు అసలు వచ్చేస్తుంది, వాళ్లకు మంచి బేరం.

ఇప్పటికే హైబ్రిడ్ ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. చాలా హైబ్రిడ్‌లలో బ్యాటరీని కారు లోపలి గాలితోనే చల్లబరుస్తారు. వెనక సీటు దగ్గర చిన్న జాలీ ఉంటుంది. బయట కుట్టించిన సీటు కవర్లు దాన్ని మూసేస్తాయి, లేదా దుమ్ముతో ఫిల్టరు పూడుకుపోతుంది. ఫ్యాను మోత పెరుగుతుంది, బ్యాటరీ వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. ప్రతి సర్వీసుకూ ఆ ఫిల్టరు తీసి దులపమని జాబ్‌కార్డులో రాయించండి. బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉందని ఊరుకోవద్దు.

ప్రశ్న: మా కారు మీద ‘స్మార్ట్ హైబ్రిడ్’ అని ఉంది. అదీ ఇదీ ఒకటేనా?

జవాబు: కాదు. అది మైల్డ్ హైబ్రిడ్. స్టార్టరు, ఆల్టర్నేటరు కలిపిన చిన్న మోటారు ఇంజిన్‌కు చేయూతనిస్తుందంతే. ఒట్టి కరెంటు మీద కారు ఒక్క అడుగు కూడా కదలదు. దానికోసం విడిగా డబ్బు పెట్టనక్కర్లేదు.

ప్రశ్న: కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మీటరు బోర్డు నుంచి మా పార్కింగ్ 30 మీటర్లు. రోజుకు 45 కిలోమీటర్లు. 7.2 కిలోవాట్ల ఛార్జరు పెట్టించాలా? అసోసియేషన్ ఒప్పుకోవాలా?

జవాబు: 45 కిలోమీటర్లకు మీటరులో 8 యూనిట్లు. 15 యాంపుల సాకెట్‌కు పెట్టిన పోర్టబుల్ ఛార్జరు మూడు గంటల్లోపే నింపేస్తుంది. 7.2 కోసం సాంక్షన్డ్ లోడ్ (మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు) పెంచుకోవడం మీకు అనవసరం. మీ ఫ్లాటు మీటరు నుంచే లైను లాగండి, కామన్ మీటరు జోలికి పోవద్దు. ఉన్న కనెక్షన్ మీదే ఇంటి దగ్గర కారు ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరు మార్గదర్శకాల్లో ఉంది. ఆ కాపీ జతచేసి అసోసియేషన్‌కు ఉత్తరం ఇవ్వండి.

సాకెట్‌కు 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు. కానీ రేపు 7.2కు మారాలనుకుంటే మళ్లీ తవ్వకుండా ఇప్పుడే 6 స్క్వేర్ ఎంఎం, మూడు కోర్ల ఆర్మర్డ్ (పైన ఇనుప కవచమున్న) కేబుల్ వేయించండి. ఇంటి లోపల వాడే 2.5 వైరు వేస్తామంటే ఒప్పుకోవద్దు. మిక్సీ పది నిమిషాలు తిరిగి ఆగుతుంది, కారు గంటల తరబడి పూర్తి లోడు లాగుతూనే ఉంటుంది. కరెంటు లీకైనా, లోడు మించినా దానంతటదే ఆపేసే స్విచ్, 30 మిల్లీయాంపుల ఆర్‌సీబీఓ తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దేవద్దు.

ఎక్కువగా చెడేది సాకెట్. లోపలి స్క్రూ వదులైతే అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది, తర్వాత పిన్ను కరుగుతుంది. మొదటి రాత్రి గంటయ్యాక ప్లగ్గు మీద చేయి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి నిలపలేకపోతే ఆపి, మెయిన్ కట్టేసి, స్క్రూలు బిగించమనండి. నెలకోసారి అలా చూసుకోండి.

ఛార్జరు ఎర్ర లైటు వెలిగి మొండికేస్తే చాలాసార్లు తప్పు ఎర్తింగ్‌ది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఓల్టేజి చూడమనండి. ఐదు ఓల్టులు దాటితే ఎర్త్ బాగాలేనట్టే. మార్చి, ఏప్రిల్‌లలో ఎర్త్ పిట్ (ఎర్త్ తీగ దింపిన గుంత) మట్టి ఎండి బీటలు వారుతుంది. దాని మూత తీసి రెండు బకెట్ల నీళ్లు పోయించండి. అప్పటికీ తగ్గకపోతే కొత్త పిట్ వేయించాల్సిందే.