బెల్టు సంగతి తర్వాత, ముందు ఆ మాత్రలు చూపించండి

ప్రశ్న: నా వయసు 58. గ్లకోమా వల్ల రెండేళ్ల కిందట చూపు చాలావరకు పోయింది, ఎడమ కంట్లో ఓ మూల కొంచెం కనిపిస్తుంది. చుక్కల మందు వాడుతున్నాను. షుగర్ 12 ఏళ్లుగా ఉంది. నడిచేటప్పుడు మెడ వంచి, కాళ్లు ఈడుస్తున్నానని ఇంట్లో అంటున్నారు. నడుము బెల్టు వాడితే నిటారుగా నడవగలనా? తూలుడుకి మా తమ్ముడి తలతిరుగుడు మాత్రలు ఆరు నెలలుగా వేసుకుంటున్నాను. పోయిన నెల రెండుసార్లు పడ్డాను, పెద్ద దెబ్బలేం తగల్లేదు.

డాక్టర్ సలహా: చివర్లో రాశారు కానీ, నాకు మొదట కనిపించింది ఆ పడటమే. దెబ్బలు తగల్లేదంటే అది అదృష్టం.

మనిషి తూలకుండా నిలబడాలంటే చూపు, లోపలి చెవి, పాదాల స్పర్శ మూడూ మెదడుకి కబురు పంపుతుండాలి. చూపు పోయినవాళ్లు మిగతా రెండింటి మీదే నడుస్తారు, చాలామంది బాగానే నడుస్తారు కూడా. మీ విషయంలో పాదాలను షుగర్ మొద్దుబారుస్తూ ఉండొచ్చు, ఇక మిగిలిన చెవిని మీరే మాత్ర వేసి జోకొడుతున్నారు. తమ్ముడికి ఎందుకిచ్చారో తెలీదు, మీరు పేరూ రాయలేదు. సిన్నారిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటివైతే కొద్దిరోజుల కోసం ఇచ్చేవి, నెలల తరబడి మింగితే కొందరిలో, ముఖ్యంగా వయసు పైబడ్డవాళ్లలో, అచ్చం పార్కిన్‌సన్స్ జబ్బులాగే ఒళ్లు బిగుసుకుపోయి, ముందుకు వంగి, కాళ్లు ఈడుస్తూ నడవడం మొదలవుతుంది. మీ ఇంట్లోవాళ్లు చెప్తున్నది అదే కావొచ్చు! కాకపోనూవచ్చు, చూడకుండా నేను తేల్చలేను. ఈ వారంలోనే ఆ మాత్రల అట్ట పట్టుకెళ్లి ఫిజీషియన్‌కో న్యూరాలజిస్టుకో చూపించండి, ఎలా ఆపాలో వాళ్లు చెప్తారు. ఒకరికిచ్చిన మందు ఇంకొకరు వేసుకునే అలవాటు మాత్రం, దయచేసి, ఇక ముందు వద్దు.

వెళ్లినప్పుడు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడమనండి. నిలబడ్డాక పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే తూలుడుకి అదే కారణం కావొచ్చు. పాదాల స్పర్శ ట్యూనింగ్ ఫోర్క్‌తో, అంటే తట్టగానే కంపించే లోహపు పరికరంతో, పరీక్షిస్తారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడుతుంటే విటమిన్ బి12 పరీక్ష కూడా చేయించండి. కంటి చుక్కల పేరు చెప్పడం మర్చిపోకండి, టిమోలాల్ ఉంటే అది రక్తంలోకి చేరి గుండె వేగం తగ్గించి కళ్లు తిరిగేలా చేయగలదు. చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూలలో వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచితే లోపలికి వెళ్లేది తగ్గుతుంది. చుక్కలు మాత్రం మీ అంతట మీరు మానొద్దు, ఆ మిగిలిన కాస్త చూపూ పోతుంది.

ఇక బెల్టు. నడుము నిలబెడుతుందేమో గానీ తూలుడు ఆపదు, నేనైతే వద్దంటాను. చూపు లేనివాళ్లు ఎదుట ఏం తగులుతుందోనన్న భయంతో తల ముందుకు వంచడం, కొందరు ముఖం కాపాడుకోవడానికి వెనక్కి వాలడం, అడుగులు చిన్నవి చేసుకోవడం మామూలే. కర్ర వాడుతున్నట్టు రాయలేదు. ఛాతీ ఎముక దాకా వచ్చే పొడవు తెల్లకర్ర శిక్షణ తీసుకుని వాడితే, అడుగు పడబోయే చోటు ముందే తెలుస్తుంది కాబట్టి ఒళ్లు తనంతట తానే కాస్త వదులవుతుంది. మీరు మెడ తిప్పి పెట్టేది ఆ మూల చూపుతో చూడటానికే అయితే దాన్ని ఎవరూ సరిచేయనక్కర్లేదు.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లేదాకా ఇంట్లో లేచేటప్పుడు, స్నానాల గదిలో, చూపుడువేలి కొసను గోడకు ఆనించి ఉంచండి. బరువు మోపడం కాదు, ఆనిస్తే చాలు, 100 గ్రాముల ఒత్తిడి కూడా అక్కర్లేదు, ఊగడం తగ్గుతుంది. ఈసారి పడి తలకు దెబ్బ తగిలితే, లేదా మాట తడబడినా, ఒక పక్క కాలూచెయ్యీ బలహీనపడినా, నాకు రాసి జవాబు కోసం ఎదురుచూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.