అర్ధరాత్రి కౌంటీ ఫోన్

ప్రశ్న: కాలిఫోర్నియాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. మొన్న అర్ధరాత్రి దాటాక కౌంటీ (మన జిల్లా లాంటిది) అధికారుల నుంచి రికార్డు చేసిన గొంతుతో ఫోన్. ఎక్కడో కొండ అవతల మంటలట! చంటి మనవడు లేచి మళ్లీ పడుకోలేదు, నాకు ఒకటే గుండెదడ. అల్లుడు ఆ నంబర్ బ్లాక్ చేస్తానంటున్నాడు. చేయొచ్చా?

జవాబు: వద్దమ్మా, దయచేసి చేయనివ్వకండి. 2017 అక్టోబర్ 8 రాత్రి మీ రాష్ట్రంలోనే, సోనోమా కౌంటీలో టబ్స్ కార్చిచ్చు గాలి వేగానికి కొన్ని గంటల్లోనే శాంటా రోజా ఊళ్లోకి వచ్చేసింది. అందరూ నిద్రలో ఉన్నారు. సెల్ టవర్ల నుంచి అన్ని ఫోన్లకూ వెళ్లే హెచ్చరిక పంపితే, ముప్పు లేనివాళ్లు కూడా రోడ్డెక్కి ట్రాఫిక్ ఆగిపోతుందని అధికారులు దాన్ని పంపలేదు. ఆ మంటల్లో 22 మంది పోయారు. అది తలుచుకుంటే ఒక రాత్రి నిద్ర చెడటం నాకు పెద్ద నష్టంగా తోచదు.

ఈ ఫోన్లు చిరునామాను బట్టి వస్తాయి. సెల్ నంబరైతే మనమే నమోదు చేసుకోవాలి. ఇల్లు మారినా పాత చిరునామాయే ఉండిపోయిందేమో అల్లుణ్ణి చూడమనండి. దూరపు మంటలకు ఫోన్ రావడానికి అదీ కారణం కావచ్చు. రాత్రి ఆ ఫోన్ ఆయన గదిలోనే పెట్టుకుంటే సరి.

మీరు రెండు మాటలు గుర్తుంచుకోండి. ‘ఎవాక్యుయేషన్ ఆర్డర్’ అంటే ఉన్నపళంగా వెళ్లిపోవాలి. ‘వార్నింగ్’ అంటే సిద్ధంగా ఉండాలి. కానీ చంటిబిడ్డ, పెద్దవారు ఉన్న ఇల్లు కాబట్టి మీరు వార్నింగ్‌కే బయలుదేరండి. మందులు, పాస్‌పోర్టు ఒకే సంచిలో ఉంచుకోండి.