గుమ్మడి లేని గుమ్మడి పొడి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను విజయనగరంలో ఇంట్లోనే కేకులు చేసి తెలిసినవాళ్లకు అమ్ముతుంటాను. అమెరికాలో చలికాలం ముందు కేకుల్లో, బిస్కెట్లలో వేసే ‘పంప్‌కిన్ స్పైస్’ అనే మసాలా ఇంట్లో ఎలా చేసుకోవాలో అక్కడున్న మా అమ్మాయి రాసి పంపింది. దాల్చిన చెక్క, అల్లం, జాజికాయ, లవంగం, ఆల్‌స్పైస్ కలిపిన పొడి అది. దసరాకి చేసి సీసాల మీద ‘గుమ్మడికాయ పొడి’ అని చీటీ అంటించాను. పక్కింటావిడ చూసి, ‘గుమ్మడికాయ ముక్కలు ఎన్నాళ్లు ఎండబెట్టావమ్మా?’ అని అడిగారు. అందులో గుమ్మడి అసలు లేదు! మరి ఏమని రాయాలి? ‘అల్లం పొడి’ అనాలా, ‘శొంఠి పొడి’ అనాలా? మా అత్తగారు దాల్చిన చెక్కని ‘లవంగపట్ట’ అంటారు, అది తప్పా? ‘ఆకురాలు కాలపు మసాలా’ అని పేరు పెట్టమంటోంది మా అమ్మాయి. చేసే విధానం కూడా తెలుగులో రాసి ఇద్దామంటే ‘గ్రైండ్ చేయాలి’ దగ్గర ఆగిపోయాను. నూరాలి అనాలా, రుబ్బాలి అనాలా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: అమ్మా, మీ పక్కింటావిడ సరిగ్గానే అడిగారు. ఆవిడ అడిగినదాంట్లోనే మీ మొదటి సందేహానికి సగం జవాబుంది.

‘పొడి’ ముందు ఒక మాట పెట్టి పేరు కట్టడం మన వంటిళ్లలో రోజూ జరిగే పనే. కరివేపాకు పొడి, కంది పొడి, నువ్వుల పొడి, మునగాకు పొడి. వీటిలో మొదటి మాట ఆ పొడి దేనితో చేశారో చెబుతుంది. ఇక రసం పొడి, సాంబారు పొడి, ఇడ్లీ పొడి సంగతి వేరు. ఇడ్లీలు ఎండబెట్టి ఎవరూ పొడి కొట్టరు కదా. అక్కడ మొదటి మాట ఆ పొడి దేనికోసమో చెబుతుంది. బడి వ్యాకరణంలో చెప్పాలంటే మొదటి రకానికి ‘కరివేపాకుతో చేసిన పొడి’ అని విగ్రహవాక్యం. మధ్యలో ఉన్న ‘చేసిన’ లోపించింది కాబట్టి మధ్యమపదలోపి సమాసం. రెండో రకం ‘సాంబారు కొరకు పొడి’, చతుర్థీ తత్పురుష. పైకి రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఏది ఏ రకమో చెప్పే విభక్తి ఏదీ పైకి కనిపించదు. అయినా తెలుగువాళ్లెవరూ తడబడరు.

ఎందుకంటే మొదటి మాట ముడిసరుకు పేరైతే ‘దానితో చేసింది’ అనీ, వండిన పదార్థం పేరైతే ‘దానికోసం చేసింది’ అనీ మనకు తెలియకుండానే లెక్క వేసుకుంటాం. గుమ్మడికాయ ముడిసరుకు. కాబట్టి ‘గుమ్మడికాయ పొడి’ అనగానే డాబా మీద ఆరబెట్టిన ముక్కలే కళ్లముందుకొస్తాయి. పక్కింటావిడకూ అవే వచ్చాయి.

ఈ లెక్క తప్పే మాటలు లేవా అంటే ఉన్నాయి. పళ్లపొడి ఉంది. పైగా పండ్లకీ దంతాలకీ మన నోట ఒకటే మాట, పళ్లు. అయినా పళ్లపొడిని అరటిపండుతో చేశారనుకుని పాలల్లో కలుపుకున్నవాళ్లు లేరు. వస్తువు అందరికీ తెలిసినదైతే పేరు ఎలా ఉన్నా చెల్లిపోతుంది. మీ సీసాలో ఉన్నది ఊరికి కొత్త. దాని పేరు చూసే జనం దాన్ని అర్థం చేసుకోవాలి.

‘గుమ్మడి మసాలా’ అంటే కుదురుతుందేమో అని మీకు అనిపించవచ్చు. చేపల మసాలా అంటే చేపలతో చేసిన మసాలా కాదు, చేపల కూరలో వేసేది. ‘పొడి’ స్థానంలో ‘మసాలా’ వస్తే మొదటి మాట ముడిసరుకైనా ‘కోసం’ అనే అర్థమే నిలుస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ హోటలు మెనూలు ఈ మాటను ఇంకో దారి పట్టించాయి. వంకాయ మసాలా, చికెన్ మసాలా అంటే ఇప్పుడు కూరలు. గుమ్మడి మసాలా అని రాస్తే, చపాతీలోకి బాగుంటుందా అని అడిగేవాళ్లు తప్పకుండా ఒకరు వస్తారు.

నిజానికి ఇంగ్లీషు పేరు కూడా మొదట్లో ఇంత తికమకగా లేదు. గుమ్మడి గుజ్జుతో చేసే ‘పై’ అనే వంటకంలో వేసే మసాలా కాబట్టి దాన్ని ‘పంప్‌కిన్ పై స్పైస్’ అన్నారు. మెకార్మిక్ అనే అమెరికన్ మసాలాల కంపెనీ 1934లో ఈ పేరుతో కలిపిన పొడిని అమ్మకానికి తెచ్చింది. వాడుకలో మధ్యనున్న ‘పై’ జారిపోయింది. 2003లో స్టార్‌బక్స్ ఇదే వాసనతో కాఫీ మొదలుపెట్టాక పొట్టి పేరే బాగా ప్రచారంలోకి వచ్చింది. అంటే వాళ్లదీ మధ్యమపదలోపమే! ఆ లోపించిన ‘పై’ ఏమిటో వాళ్లకు తెలుసు. మన దగ్గరకు వచ్చేసరికి గుమ్మడి ఒక్కటే మిగిలింది.

అందుకని నేనైతే ‘కేకు మసాలా’ అని రాస్తాను. కేకు వండిన పదార్థం కాబట్టి ‘కేకు కోసం’ అని ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. ‘మసాలా’ అంటే మాంసం కూర గుర్తొస్తుందని మీకు అనుమానం ఉంటే, మసాలా టీ తాగేవాళ్లకు ఆ ఇబ్బంది రాలేదని గుర్తు చేస్తాను. ఆ మాటలో కారమూ లేదు, మాంసమూ లేదు. అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మనకొచ్చింది. అసలు అర్థం ‘కావలసిన సామగ్రి’. తమాషా ఏమిటంటే సంస్కృతంలో ‘సంభారం’ అన్నా అదే అర్థం. యజ్ఞసంభారాలు అంటాం చూడండి, ఆ సంభారమే వంటింట్లోకి వచ్చి సంబారాలైంది. ‘సుగంధ చూర్ణం’ అని మాత్రం పెట్టకండి. చూర్ణం అనగానే మీ సీసా బేకరీ సామాన్ల అరలోంచి ఆయుర్వేదం షాపుకి వెళ్లిపోతుంది. అక్కడ త్రికటు చూర్ణం అనే మూడింటి పొడి ఎలాగూ ఉంది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిపితే త్రికటు.

శొంఠి మాట వచ్చింది కాబట్టి అది తేల్చేద్దాం. పచ్చిగా ఉంటే అల్లం, ఎండితే శొంఠి. ఇంగ్లీషుకు రెంటికీ ఒకటే మాట కావడంతో మీ అమ్మాయి పంపిన కాగితంలో అల్లం అయింది. వడ్లు, బియ్యం, అన్నం అని మనం మూడుగా చెప్పేదాన్ని వాళ్లు ‘రైస్’ అని సరిపెట్టుకోవడం ఇలాంటిదే. ‘అల్లం పొడి’ తప్పు కాదు, షాపుల్లో ఆ పేరుతోనూ దొరుకుతుంది. కాకపోతే విధానం చదివినవాళ్లలో ఒకరైనా పచ్చల్లం తురిమి సీసాలో కలిపేస్తారు, నాలుగో రోజుకు బూజు పడుతుంది. ‘శొంఠి పొడి’ అంటే ఆ టెన్షన్ లేదు. ‘శొంఠి లేని కషాయం లేదు’ అని సామెత కదా, కేకు తినబోయేవాళ్లకు జలుబు మందు గుర్తొస్తుందేమో అంటారా? శ్రీరామనవమికి రామతీర్థంలో పానకం తాగినవాళ్లను అడగండి. బెల్లంతో శొంఠి కలవడం మనకు ఏనాటి నుంచో ఉన్నదే.

ఇక మీ అత్తగారి లవంగపట్ట. అది తప్పు కాదు సరికదా, పాత మంచి మాట. పట్ట అంటే బెరడు. తమిళులు ఈ చెక్కను ఇప్పటికీ పట్టై అనే అంటారు. లవంగానికి ఆ ఘాటు వాసన తెచ్చేది యూజినాల్ అనే తైలం. దాల్చినచెక్కలోనూ అది కొంత ఉంటుంది. లవంగపు వాసన ఉన్న బెరడు కనుక లవంగపట్ట అనడంలో అర్థం ఉంది. ఇప్పటి వాడుకలోని ‘దాల్చిన’ కన్నా ఇదే మనకు బాగా అర్థమయ్యే మాట. ‘దాల్చిన’ చూస్తే దాల్చు అనే క్రియలోంచి వచ్చినట్టు, ఆ చెక్క ఏదో ధరించినట్టు ఉంటుంది. అదేం కాదు. పారశీకంలో ‘దార్‌చీనీ’ అంటే చీనా దేశపు కర్ర. అది మన నోట పడి తెలుగు క్రియ వేషం వేసుకుంది. ఈ కారణంగానే నేను ‘దాల్చినచెక్క’ అని కలిపి రాస్తాను. విడదీసి రాస్తే లేని క్రియ ఉన్నట్టు కనిపిస్తుంది. అయినా మీ సీసా మీద మాత్రం లవంగపట్ట వద్దు. పక్కనే లవంగాలు కూడా ఉన్నాయి కాబట్టి ఒకే సరుకు రెండుసార్లు రాశారనుకుంటారు. గంటస్తంభం దగ్గర కిరాణా కొట్లో అయితే ఏ పేచీ లేదు, ‘చెక్కా లవంగాలూ’ అంటే చాలు.

జాజికాయతో పాటు కొందరు జాపత్రి కూడా వేస్తారు. జాతీఫలం జాజికాయ, జాతీపత్రి జాపత్రి. పేరులో పత్రి ఉన్నా అది ఆకు కాదు. ఒకే కాయలో గింజను వలలాగా చుట్టుకుని ఉండే ఎర్రటి పొర.

ఆల్‌స్పైస్‌ను అనువదించకండి. ‘సర్వ మసాలా’ అనో ‘అన్ని మసాలాలు’ అనో రాసినవి నేను చూశాను. చదివినవాళ్లు అది ఇంకో మిశ్రమం అనుకుని గరం మసాలా వేసేస్తారు. జమైకా, మెక్సికో ప్రాంతాల్లో పెరిగే ఒక చెట్టు కాయ అది. పచ్చిగా కోసి ఎండబెడితే మిరియం కన్నా కాస్త పెద్దగా, గోధుమరంగులో ఉంటుంది. ఒక్క కాయలోనే లవంగం, దాల్చినచెక్క, జాజికాయ వాసనలు కలిసి వస్తాయని ఇంగ్లీషువాళ్లు ఆ పేరు పెట్టారు. హిందీలో కొందరు దీన్ని కబాబ్‌చీనీ అంటారు. అది నమ్మి కొనబోతే చలవమిరియాలు చేతికొస్తాయి. వాటికి సన్నటి తోక ఉంటుంది, రుచి వేరు, జాతి వేరు. మన దగ్గర పుట్టని సరుకుకు దాని పేరుతోనే పిలుపు. బంగాళాదుంపకు పేరు పెట్టుకున్నాం, క్యారెట్‌కు పెట్టుకోలేదు. వచ్చిన నష్టమేమీ లేదు.

మీ అమ్మాయి సూచించిన ‘ఆకురాలు కాలం’ వినడానికి అందంగా ఉంది, కానీ మనకు లెక్క కుదరదు. మన ఋతువుల్లో ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. అంటే ఇంచుమించు సంక్రాంతి దాటాక ఉగాది లోపల. ఆ అమ్మాయి ఉన్నచోట సెప్టెంబరు నుంచి నవంబరు దాకా రాలుతాయి. ఆ రోజుల్లో మనకు శరత్తు, ఆశ్వయుజ కార్తీకాలు. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే వేళకు మన ఊళ్లో చెట్లన్నీ పచ్చగా ఉంటాయి. శరత్తులో మన వైపు ఆకు రాలిందంటే తుపాను వచ్చిందనే. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో ఆకులేమిటి, కొబ్బరి చెట్లూ జీడిమామిడి చెట్లే కూలిపోయాయి. ‘శరత్కాలపు మసాలా’ అంటే అర్థం సరిపోతుంది కానీ సీసా మీద పద్యం రాసినట్టుంటుంది. కాలం చెప్పాలనే ఉంటే ‘దసరా – దీపావళి కేకు మసాలా’ అనండి.

చివరిది గ్రైండ్. ఇంగ్లీషులో ఒక్క మాట చేసే పనికి మనకు అరడజను క్రియలున్నాయి, పనిముట్టును బట్టీ తడిని బట్టీ మారతాయి. నానిన పప్పును రుబ్బుతాం. మసాలా ముద్దను, మందును నూరుతాం. రోట్లో రోకలితో దంచుతాం. తిరగలిలో విసురుతాం. మరకు పంపితే పిండి పట్టిస్తాం. ఎండు దినుసులనైతే పొడి కొడతాం. మీ మసాలాలో తడి లేదు కాబట్టి రుబ్బడమూ నూరడమూ పనికిరావు, పొడి కొట్టడమే. ‘మిక్సీ పట్టాలి’ అని రాసినా నాకు అభ్యంతరం లేదు, అందరూ అంటున్నదే. జాజికాయకు మాత్రం ప్రత్యేక మర్యాద ఉంది. మన ఇళ్లలో దాన్ని అరగదీస్తారు, పసిపిల్లల ఉగ్గులోకి సాన మీద పాలచుక్క వేసి గంధంలా తీస్తారు. అది తడి పని. కేకుకు పొడిగా కావాలి కాబట్టి ఇక్కడ ‘తురమాలి’. సగానికి కోసి చూస్తే లోపల లేత రంగు మీద గోధుమరంగు చారలు మెలికలు తిరిగి ఉంటాయి. సన్న తురుముపీట మీద అది బూడిదలా రాలుతుంది.

ఇంచుమించు ఇలా రాసివ్వండి: ‘దాల్చినచెక్కను చిన్న ముక్కలుగా విరిచి, వేయించకుండానే పొడి కొట్టి జల్లించాలి. లవంగాలు, ఆల్‌స్పైస్ కూడా విడివిడిగా పొడి కొట్టుకోవాలి. దాల్చినచెక్క పొడి 3 పెద్ద చెంచాలు, శొంఠి పొడి 2 చిన్న చెంచాలు, జాజికాయ తురుము 2 చిన్న చెంచాలు, ఆల్‌స్పైస్ పొడి ఒకటిన్నర, లవంగాల పొడి ఒకటిన్నర చిన్న చెంచాలు కలిపి, గాలి చొరని సీసాలో పెట్టుకోవాలి.’ ‘వేయించకుండానే’ అన్న మాట వదిలేయకండి. సాంబారు పొడి అలవాటు కొద్దీ మనవాళ్ల చెయ్యి మూకుడు మీదకే పోతుంది, ఈ పొడికి కావలసిన వేడి ఓవెన్‌లో ఎలాగూ తగులుతుంది. ఆల్‌స్పైస్ దొరక్కపోతే దాని బదులు దాల్చినచెక్క పొడి ఒక చిన్న చెంచా, లవంగాల పొడి పావు చెంచా పెంచుకోమని కింద ఒక ముక్క చేర్చండి. లవంగం అంతకు మించితే కేకులో పళ్లపొడి వాసన వస్తుంది.